ఐదు మాటల పనిముట్టు

70వ కీర్తన మొదటి వచనం హీబ్రూలో ఐదంటే ఐదు మాటలు. దేవుణ్ణి పిలిచి, నన్ను విడిపించు, నా సాయానికి త్వరగా రా అని అడిగే చిన్న మొర. 23వ కీర్తనలాగా దీన్ని ఎవరూ పటం కట్టి గోడకు తగిలించరు, ఆదివారం బడిలో పిల్లలచేత వల్లె వేయించరు. కీర్తన మొత్తం కలిపినా ఐదు వచనాలే. ఆ ఐదూ 40వ కీర్తన చివర కొద్ది తేడాతో మళ్ళీ కనిపిస్తాయి కాబట్టి, చాలామంది పాఠకులు ఇది ముందే చదివాం కదా అనుకుని పేజీ తిప్పేస్తారు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారి తపస్వులు పాపంతో చేసే పోరాటానికి బైబిలంతా గాలించి చేతిలో పట్టుకున్న పనిముట్టు మాత్రం ఇదే. పనివాడు ఊరికే ఒక పనిముట్టును ఎంచుకోడు. దీన్ని విప్పి, భాగం భాగంగా చూస్తే ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది.

మొదటి మాట దేవుడు. హీబ్రూ బైబిలు మొదటి వాక్యంలో భూమ్యాకాశాలను సృజించినవాడికి వాడిన మాటే ఇది. మూడో మాట యెహోవా. ఇది బిరుదు కాదు, పేరు, తన ప్రజలతో నిబంధన చేసుకున్నవాడి పేరు. అంటే మొర పెట్టేవాడు ఒక్క ఊపిరిలో రెండుసార్లు పిలుస్తున్నాడు. మొదటి పిలుపు అన్నీ చేయగలవాడికి, రెండోది తనను ఎరిగినవాడికి. శక్తి ఉండి పరిచయం లేకపోతే ఆయన దగ్గరికి వెళ్ళే ధైర్యం రాదు. పరిచయం ఉండి శక్తి లేకపోతే వెళ్ళినా పని జరగదు. ఆ రెండూ ఉన్నవాణ్ణే ఈ వచనం పిలుస్తోంది.

రెండో మాటలో ఉన్న ధాతువు 'నత్సల్'. మనం విడిపించడం అని అనువదించుకుంటాం కానీ, దాని అసలు ఊపు లాగి బయటపడేయడంలో ఉంది. దావీదు సౌలు రాజు ముందు నిలబడి, సింహమో ఎలుగుబంటో మందలోంచి గొర్రెపిల్లను ఎత్తుకుపోతే వెంటబడి దాని నోట్లోంచి లాగేశానని చెప్పినప్పుడు వాడిన క్రియ ఇదే. పళ్ళ మధ్య చిక్కుకున్న గొర్రెపిల్ల తనంతట తాను చేయగలిగింది ఏమీ లేదు. మహా అయితే అరుస్తుంది.

నాలుగో మాట సాయం, అంటే 'అజర్' అన్న ధాతువు నుంచి వచ్చిన మాట. ఇది తెలుగు క్రైస్తవులకు బాగా పరిచయమే. మిస్పాకూ షేనుకూ మధ్య సమూయేలు నిలబెట్టిన రాయి పేరు ఎబెనెజరు, అంటే సహాయపు రాయి. మన ఊళ్ళలో ఎన్ని ప్రార్థన మందిరాలకు, ఎన్ని ఇళ్ళ గుమ్మాలకు ఆ పేరు ఉందో! ఫిలిష్తీయులతో యుద్ధం జరిగింది, ఇశ్రాయేలీయులు ఆ యుద్ధంలో ఉన్నారు, దేవుడు పక్కన నిలబడి గెలిపించాడు. ఆ గెలుపు గుర్తుగా నిలబెట్టిన రాయి అది. కాబట్టి ఈ మాటలోని సాయం సింహం నోట్లోంచి లాగేయడం లాంటిది కాదు, పక్కన నిలబడి చేసేది. మనిషి కదల్లేనప్పుడు వచ్చే సాయం ఒకటి, పోరాడుతున్నప్పుడు వచ్చే సాయం ఒకటి. ఏ పాపంలోనైనా మనం ఈ రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటాం. ఏ స్థితిలో ఉన్నామో మనకే సరిగ్గా తెలియని క్షణాలూ ఉంటాయి. వచనం రెండింటినీ అడిగేస్తుంది.

ఐదో మాట 'హూషా', త్వరపడు అని. వాక్యం మొత్తంలో ఆజ్ఞార్థక క్రియ ఇదొక్కటే. హీబ్రూలో క్రియ సాధారణంగా ముందు వస్తుంది, ఇక్కడ మాత్రం తెలుగు వాక్యంలోలా చివర కూర్చుంది. 40వ కీర్తనలోని జంట వచనంలో అంగీకరించు అన్న అర్థమిచ్చే క్రియ ఒకటి మొదట్లోనే ఉంది. 70వ కీర్తనలో అది లేదు. ఆ ఒక్క మాట లేకపోవడంతో మొదటి సగం క్రియ లేకుండా గాల్లో వేలాడుతుంది. దేవుణ్ణి పిలుస్తాడు, నన్ను లాగడానికి అంటాడు, వాక్యం పూర్తి చేసే తీరిక ఉండదు, మళ్ళీ పిలుస్తాడు, నా సాయానికి అంటాడు, అప్పుడు వస్తుంది త్వరపడమన్న మాట. నీళ్ళలో మునుగుతున్నవాడి మాట ఇలాగే ఉంటుంది. వాడికి వ్యాకరణం పూర్తి చేసే ఊపిరి ఉండదు.

ఈ వచనంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచిన పనితనం మరొకటి ఉంది. ఇందులో 'నేను' అన్న మాట విడిగా లేదు. తెలుగులో 'నన్ను', 'నా' అని వేరే మాటలుగా రాయాలి. హీబ్రూలో అవి చిన్న ప్రత్యయాలు. 'నన్ను' అన్నది లాగడమనే మాట చివర అతుక్కుని ఉంది, 'నా' అన్నది సాయమనే మాట చివర అతుక్కుని ఉంది. మొర పెట్టేవాడికి ఈ వాక్యంలో సొంత స్థలం లేదు. దేవుడు చేసే పనిని పట్టుకుని వేలాడటమే అతని ఉనికి. పైగా, ఇక చెయ్యను అన్న ఒట్టు ఇందులో లేదు. ఈసారి గట్టిగా ఉంటానన్న హామీ లేదు. ఉపవాస కూటాల్లో కన్నీళ్ళతో మనం చేసే తీర్మానాలు ఎంత నిజాయితీగలవో నాకు తెలుసు, అవి ఎన్ని రోజులు నిలిచాయో కూడా తెలుసు. ఈ ఐదు మాటల్లో తీర్మానానికి చోటే పెట్టలేదు. ఏ పాపమో, ఏ ఆపదో కూడా పేరు పెట్టి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఒక్కదానికే పనికొచ్చేది.

ఎడారి తపస్వులు ఈ పనిముట్టును ఎలా వాడారో మనకు చెప్పినవాడు జాన్ కాసియన్. 380ల దశకంలో స్నేహితుడు జెర్మానస్‌ను వెంటబెట్టుకుని ఈజిప్టు వెళ్ళి, స్కేటిస్ ఎడారిలో, అంటే ఇప్పటి వాదీ నత్రూన్ లోయలో, పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత మార్సే నగరంలో స్థిరపడి, 420ల దశకంలో ఆ పెద్దల మాటలను 24 'సంభాషణలు'గా లాటిన్‌లో రాశాడు. వాటిలో 9, 10 సంభాషణలు అబ్బా ఇస్సాకు అనే పెద్దాయనవి. ఎడారిలో గురువును తండ్రీ అన్న అర్థంతో అబ్బా అని పిలిచేవారు.

పదో సంభాషణలో జెర్మానస్ ఫిర్యాదు ప్రార్థించే ప్రతివాడికీ తెలిసిందే. మనసు ఒకదాని మీదినుంచి మరోదాని మీదికి దూకుతుంది, దేన్నీ పూర్తిగా పట్టుకోదు. అక్షరాలు దిద్దే పిల్లవాడికి కళ్ళ ముందు ఒక నమూనా ఉన్నట్టు, దేవుణ్ణి ఎప్పుడూ తలచుకోవడానికి మాకూ ఒకటి కావాలని అడుగుతాడు. అప్పుడు ఇస్సాకు ఈ వచనాన్ని బయటపెడతాడు. ఇది తొలితరం పెద్దల్లో మిగిలిన కొద్దిమంది నుంచి తనకు అందిందనీ, నిజంగా దాహంతో వచ్చినవాళ్ళకు తప్ప చెప్పమనీ అంటాడు.

ఇక్కడ ఎవాగ్రియస్ గురించి చెప్పాలి. 399లో చనిపోయిన ఈ ఎడారి పండితుడు మనిషిని పాపంలోకి లాగే ఆలోచనలను ఎనిమిదిగా విడదీశాడు: తిండియావ, కామం, ధనాశ, విచారం, కోపం, ప్రార్థన మీద విసుగు, కీర్తికాంక్ష, గర్వం. ఒక్కోదానికి ఒక్కో భాగం చొప్పున, ఏ ఆలోచన వస్తే ఏ లేఖనంతో ఎదురు చెప్పాలో 500కు దగ్గరగా వచనాలు పోగుచేసి ఒక పుస్తకం తయారుచేశాడు. ఆయుర్వేద వైద్యుడి గదిలో సీసాలు వరసగా పేర్చి ఉన్నట్టుంటుంది ఆ పుస్తకం. అదీ గొప్ప పనే. కానీ శోధన వచ్చిన క్షణాన సరైన సీసా వెతకడానికి స్థిమితం కావాలి, శోధన మొట్టమొదట ఎత్తుకుపోయేది ఆ స్థిమితాన్నే. ఇస్సాకు ఆ ఎనిమిదింటికీ ఒక్క వచనాన్నే చేతికిచ్చాడు.

ఇచ్చి ఊరుకోలేదు. పనిముట్టు ఎక్కడ ఎలా పట్టాలో ఒక్కో సందర్భం తీసి చూపించాడు. తిండియావ పట్టుకుంది, ఎడారిలో ఎన్నడూ లేని వంటకాల వాసనలు ముక్కుకు తగులుతున్నాయి, రాజుల భోజనం మీదికి మనసు పోతోంది: ఈ వచనం అను. భోజనవేళ కాకముందే ఆకలి తొందరపెడుతోంది: ఇదే అను. తీరా వేళయ్యేసరికి రొట్టె చూస్తేనే వెగటుగా ఉంది: అప్పుడూ ఇదే అను. ఒకే రోగానికి రెండు వైపులనూ ఆయన వదల్లేదు. చదువుకుందామని కూర్చుంటే తలనొప్పి, పొద్దున మూడో గంటకే నిద్ర ముంచుకొచ్చి ముఖం పుస్తకం మీదికి వాలిపోతుంది. ఆ వాలిన తలను చూసినవాడే అలా చెప్పగలడు. నిద్ర పట్టక సతమతమయ్యే రాత్రులు, కోపం హఠాత్తుగా ఎగసిన క్షణాలు, ఇతరులకంటే నేను నయం అన్న తియ్యటి ఆలోచన చల్లగా లోపలికి జారిన వేళలు, అన్నీ వరసగా వస్తాయి.

ఆ వరస అక్కడితో ఆగిపోతే ఇది ఆపద ప్రార్థనగానే మిగిలేది. ఇస్సాకు ఇంకో అడుగు వేశాడు. గర్వం అణిగింది, మనసు తేలికైంది, లేఖనాల అర్థం తెరుచుకుంటోంది, చెప్పలేని ఆనందం కలుగుతోంది. అప్పుడు కూడా, అప్పుడు మరింత శ్రద్ధగా, అదే వచనం అనమన్నాడు. గొర్రెపిల్ల నోట్లోంచి బయటపడ్డాక కూడా కాపరి చేయి వదలకూడదు. గెలిచిన రోజునే మనిషి ఆ చేయి వదిలేస్తాడని ఆ పెద్దాయనకు తెలుసు. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తానికి కీలకం ఇక్కడుంది. ఓడినవాడు దేవుణ్ణి పిలవడం సహజం, ఎవరూ నేర్పక్కర్లేదు. గెలిచినవాడిచేత పిలిపించడానికే సాధన కావాలి.

ఇలా ఒక్క వచనాన్నే పట్టుకుంటే మనసు పేదదవుతుందని కూడా ఇస్సాకు అన్నాడు. ఆయన దృష్టిలో అది కావాల్సిన పేదరికమే. నానా ఆలోచనల ఆస్తిని వదులుకుని ఒక్క అడుక్కునే మాటతో మిగిలినవాడే ఆత్మలో దీనుడు. నేను దీనుణ్ణి, అక్కరలో ఉన్నాను అన్న ఒప్పుకోలు ఆ 70వ కీర్తన చివరి వచనంలోనే ఉంది. ఇస్సాకు దాన్నీ గుర్తుచేశాడు.

మనిషి చేతులు ముడుచుకుని వచనం అంటూ కూర్చుంటే చాలా, అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ఇస్సాకు ఉదాహరణలను మళ్ళీ చూడండి. ఆకలేస్తోంది కాబట్టి ఉపవాసం మానెయ్యమనలేదు, నిద్రొస్తోంది కాబట్టి పుస్తకం మూసెయ్యమనలేదు. మనిషి తన పనిలో ఉన్నాడు, పనిలో ఉండే అరుస్తున్నాడు. మన ప్రయత్నం ఎక్కడిదాకా, దేవుని కృప ఎక్కడినుంచి అన్న లెక్క మీద ఆ కాలంలోనే పెద్ద వాదం నడిచింది. కాసియన్ పదమూడో సంభాషణను ఖండిస్తూ కృప వైపు గట్టిగా నిలిచిన అగస్టీన్ పక్షంవాడైన ప్రాస్పర్ ఒక పుస్తకమే రాశాడు. ఆ వాదం తేలాలంటే చాలా పేజీలు కావాలి. ఈ వచనం దగ్గర మాత్రం రెండు పక్షాలూ కలిసి మోకరించగలవు.

ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనడిక్టు తన మఠానికి నియమావళి రాసినప్పుడు కాసియన్ సంభాషణలు చదవమని అందులోనే చెప్పాడు. ఈ వచనాన్ని రోజువారీ ప్రార్థన వేళల ముందు నిలబెట్టాడు. కథోలిక సంఘంలో ప్రార్థన వేళలు పాటించే గురువులు, కన్యస్త్రీలు నేటికీ దీనితోనే మొదలుపెడతారు. లాటిన్‌లో అది ఐదూ ఐదూ పది మాటలు, సగంలో సరిగ్గా విరుగుతుంది. ఒక గొంతు మొదటి సగం అంటే, మిగతావాళ్ళు రెండో సగం అందుకుంటారు. ఎడారిలో ఒంటరివాడి చేతి పనిముట్టు అలా నలుగురూ కలిసి పట్టేదయింది.

ఆ నియమావళి 35వ అధ్యాయం వంటింటి వంతుల గురించి. వారం వారం మారే వంతులు అవి. శనివారం, వంతు ముగిసినవాడు అంతా శుభ్రం చేస్తాడు. అందరూ చేతులు, కాళ్ళు తుడుచుకున్న తువ్వాళ్ళు ఉతుకుతాడు. దిగేవాడు, ఎక్కేవాడు కలిసి అందరి కాళ్ళూ కడుగుతారు. పాత్రలు శుభ్రంగా, చెక్కుచెదరకుండా సరుకుల అధికారికి అప్పగిస్తే, ఏం ఇచ్చాడో ఏం తీసుకున్నాడో తెలిసేలా ఆయన వాటిని కొత్తవాడికి ఇస్తాడు. ఆదివారం ఉదయ ప్రార్థన ముగియగానే ఇద్దరూ అందరి ముందూ వంగి తమకోసం ప్రార్థించమని అడుగుతారు. దిగేవాడు తనకు సాయపడి ఆదరించిన దేవుణ్ణి స్తుతించే మాట మూడుసార్లు అంటాడు. ఎక్కేవాడు 70వ కీర్తన మొదటి వచనం అంటాడు, అతనూ మూడుసార్లే, అందరూ తిరిగి పలుకుతారు. తర్వాత అతను దీవెన అందుకుని వంటింట్లోకి వెళతాడు.