రూపాయికి లెక్కుంది, ఐదువందలకు లేదు

ఎమ్మెల్యేలు పంచే కరపత్రాలు దాచిపెట్టే అలవాటు నాకు జిల్లా డెస్కులో పనిచేసిన రోజుల నుంచీ ఉంది. ఏడాది పాలన పూర్తయినప్పుడో, ఎన్నికలు దగ్గరపడ్డప్పుడో నాలుగు పేజీల రంగుల కాగితం ఒకటి వస్తుంది. మొదటి పేజీ పైవరసలో పార్టీ పెద్దలు, కింద చేతులు జోడించి ఎమ్మెల్యే. లోపల సీసీ రోడ్లు ఇన్ని మీటర్లు, సైడు కాల్వలు ఇన్ని, కల్యాణలక్ష్మి చెక్కులు ఇన్ని, సీఎం సహాయనిధి చెక్కులు ఇన్ని. ప్రభుత్వం మారినా, ఎమ్మెల్యేనే కండువా మార్చినా లోపలి పేజీలు మాత్రం మారవు.

వాటిలో ఎక్కడా కనపడనిది శాసనసభ. ఆయన్ని మనం పంపించిందేమో అక్కడికి. చట్టాలు చెయ్యమని, సర్కారు పెట్టే ప్రతి ఖర్చునూ అడిగి చూసి ఒప్పుకొమ్మని. ఏ పద్దు మీద మాట్లాడాడు, ఏ బిల్లుకు ఔనన్నాడు, ఏ కోత తీర్మానం ఇచ్చాడు? నా దగ్గరున్న కట్టలో వీటి గురించి ఒక్క ముక్క లేదు.

2025 మార్చి 19న తెలంగాణ ఆర్థిక మంత్రి మల్లు భట్టి విక్రమార్క సభలో పెట్టిన బడ్జెట్ రూ.3,04,965 కోట్లు. దాన్ని 119 నియోజకవర్గాలకు సమానంగా పంచారనుకోండి (అలా పంచరు, ఊహకే), ఒక్కోదానికి రూ.2,560 కోట్ల పైమాటే. ఎమ్మెల్యే చేతిమీదుగా ఖర్చయ్యే నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏడాదికి రూ.5 కోట్లకు పెంచారు. అంటే ఐదువందల్లో ఒక్క రూపాయి. కరపత్రం నిండా ఉండేది ఆ రూపాయి కథ, దానికి తోడు ఏ ఎమ్మెల్యే ఉన్నా రావలసిన చెక్కుల కథ. మొత్తం ఐదువందలకూ ఆమోదం తెలిపింది కూడా ఆయనే, కానీ దాని ఊసే ఉండదు.

ఒక ఎమ్మెల్యే, లెక్చరర్ ఉద్యోగం వదిలి తొలిసారి గెలిచినవాడు, నిరుడు ఫోన్ చేశాడు. "అన్నా, ఈసారి నివేదిక జర మంచిగ రాయాలె. అసలు రాష్ట్రం పరిస్థితేందో జనానికి తెల్వాలె. నువ్వు కూసోవాలె" అన్నాడు. కూర్చున్నాను. బల్ల మీద బడ్జెట్ సంపుటాలు, సామాజిక ఆర్థిక చిత్రణ పుస్తకం, మూడు రంగుల హైలైటర్లు. మాస్టారు మాస్టారే.

మొదటి పేచీ పతాక శీర్షిక దగ్గరే వచ్చింది. రాష్ట్ర స్థూల ఉత్పత్తి 16 లక్షల కోట్లు దాటింది, 2024-25 తలసరి ఆదాయం రూ.3,79,751, దీన్నే పెద్దక్షరాల్లో వేద్దామన్నాడు. టీ కప్పులు పెడుతున్న పీఏ ఆగి, "మా ఇంట్ల ఐదుగురం సార్. గీ లెక్కన పందొమ్మిది లక్షలు రావాలె. ఇది సదివితే మా బాపు నన్నే అడుగుతడు, ఏడవెట్టినవ్ రా అని" అన్నాడు. ఎమ్మెల్యే కూడా నవ్వాడు గానీ అంకెను మాత్రం వదల్లేదు. చివరికి అంకెను ఉంచి, కింద నాలుగు వాక్యాలు రాశాం. ఇది సగటు. రాష్ట్ర సంపదలో మూడింట రెండొంతులు సేవల రంగానిది, అంటే ఎక్కువ భాగం హైదరాబాద్, దాని చుట్టుపక్కలది. వ్యవసాయం వాటా ఆరోవంతు కంటే కాస్త ఎక్కువ. పనిచేసేవాళ్లలో మాత్రం నూటికి నలభై మందికి పైగా దాని మీదే బతుకుతున్నారు.

అసలు సంగతి ఆ తర్వాతది. కేంద్రం వసూలుచేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఇచ్చే భాగాన్ని ఆర్థిక సంఘం పంచుతుంది. 15వ ఆర్థిక సంఘం సూత్రంలో నూటికి 45 మార్కులు ఆదాయపు అంతరానివి: తలసరి ఆదాయం ఎక్కువున్న రాష్ట్రానికి వాటా తక్కువ, తక్కువున్నదానికి ఎక్కువ. 14వ సంఘం కాలంలో 2.437 శాతం ఉన్న తెలంగాణ వాటా 15వ సంఘం దగ్గరికొచ్చేసరికి 2.102 శాతానికి పడిపోయింది. కారణాలు ఇంకా ఉన్నాయి, వాటిలో ఇదొకటి. పీఏ వాళ్ల బాపు చేతికి ఎన్నడూ రాని ఇలాంటి సగటు ఆదాయమే, అప్పటి ఏళ్ల లెక్కన, ఢిల్లీ పుస్తకాల్లో ఆయన పేరన ఉంది, దాన్ని చూపించే ఆయన రాష్ట్రానికి వాటా తగ్గించారు. ఈ ముక్క చెప్పాక ఆ అబ్బాయి నవ్వలేదు. కరపత్రంలో నాకు నచ్చిన పేరా అదే.

ఖజానా సంగతి రాసేటప్పుడు ఎమ్మెల్యేకి చెమట పట్టింది. 2025లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా పలుమార్లు చెప్పిన లెక్కే అది. నెలకు రాబడి సుమారు రూ.18,500 కోట్లు. జీతాలు, పింఛన్లకు 6,500 కోట్లు. అప్పుల కిస్తీలు, వడ్డీలకు ఇంకో 6,500 కోట్లు. మిగిలినదాంట్లోనే రైతు భరోసా, ఉచిత బస్సు, 200 యూనిట్ల కరెంటు, ఆరోగ్యశ్రీ, రోడ్లు, బడులు. పార్టీ ఏదైనా సరే, ఒక ముఖ్యమంత్రి ఇంత విడమరిచి చెప్పడం నేను తక్కువగా చూశాను. కానీ అదే మాట కింద ఎమ్మెల్యే పేరుండేసరికి భయం. "చేతగాకనే చెప్తున్నరు అంటరన్నా." అనేవాళ్లు అంటారు. అధికార పక్షంలో ఉంటే ఖాళీ ఖజానా మాట చేతగానితనంగా వినిపిస్తుంది, ప్రతిపక్షంలో ఉంటే ఏడుపుగా. 2023 డిసెంబరులో ప్రభుత్వం రూ.6,71,757 కోట్ల అప్పు చూపిస్తూ శ్వేతపత్రం పెట్టింది. నాలుగు రోజులకే బీఆర్ఎస్ స్వేదపత్రం విడుదల చేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి తన మండలానికి వివరించిన ఎమ్మెల్యే నాకు ఎదురుపడలేదు. ఊళ్లకు చేరింది టీవీలో కేకలే.

వర్జీనియాలో ఉన్న మా మేనల్లుడు అప్పుడప్పుడూ వాళ్ల రాష్ట్ర సెనేటర్ ఉత్తరం పంపిస్తుంటాడు. జనవరిలో సభ మొదలైతే చాలు, ఏ బిల్లు ఏ కమిటీలో ఆగింది, బడ్జెట్‌లో బడులకు ఎంత పెట్టారు, తాను ఎటు ఓటేశారు, అన్నీ వస్తాయి. సొంత డప్పు అక్కడా లేకపోలేదు. కాకపోతే డప్పు మధ్యలో ఓటు వివరం దొరుకుతుంది.

మన కరపత్రానికి వస్తే, చివరి పేజీకి ఊరి సంగతి ఒకటి కావాలన్నాను. ఇలా రాశాం: "మన సర్పంచుల గడువు 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. ఎన్నికలు జరగలేదు. గెలిచిన పాలకవర్గం లేదు కాబట్టి ఆర్థిక సంఘం నుంచి పంచాయతీలకు రావలసిన డబ్బు ఆగింది. చెత్త ట్రాక్టరుకు డీజిల్ లేకపోవడానికి, కాలిపోయిన వీధిలైటు మారకపోవడానికి ఇదొక కారణం. ఎన్నికలు వెంటనే పెట్టాలని నేను సభలో అడిగాను."

ఆఖరి వాక్యం దగ్గర ఆయన పెన్ను ఆగింది. "అడగలేదు కదన్నా" అన్నాడు నెమ్మదిగా. నక్షత్ర ప్రశ్న ఇవ్వలేదు, జీరో అవర్‌లో లేవలేదు. ఆ వాక్యం కొట్టేశాం. ఖాళీ అయిన చోట కమ్యూనిటీ హాలు రిబ్బను కత్తిరిస్తున్న ఫొటో వేశారు. ఆ ఎన్నికలు చివరికి 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగాయి.

కరపత్రం పంచాక పది రోజులకు మళ్లీ ఫోన్. "ప్రశ్నలెక్కువైనయ్ అన్నా" అన్నాడు. ఒక రైతు, కేంద్రం వాటా తగ్గితే మీరేం చేశారని నిలదీశాడట. ఒక మాజీ సర్పంచు, జీతాలకు ఇంత, వడ్డీకి ఇంత అన్నారు సరే, నేను అప్పుతెచ్చి వేయించిన రోడ్డు బిల్లు ఇందులో ఏ గీత కింద ఉందని కాగితం పట్టుకొచ్చాడట. సీసీ రోడ్ల మీటర్లు చదివి ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగరు. కాబట్టి నా మటుకు ఆ కరపత్రం పనిచేసింది. ఆయన మటుకు చేయలేదు. తర్వాతిది హైదరాబాద్‌లో ఏదో ఏజెన్సీకి ఇచ్చాడు. మొన్న ఒక కాపీ వచ్చింది. నాలుగు పేజీలు, మెరిసే కాగితం, తలసరి ఆదాయం పెద్దక్షరాల్లో, కింద నాలుగు వాక్యాలు లేకుండా.

ఆయన్ని ఒక్కణ్నీ అని లాభం లేదు. సభలో మాట్లాడితే ఓట్లు రాలవు, చావుకీ పెళ్లికీ వస్తే రాలతాయని మనమే నేర్పించాం. బడ్జెట్ మీద చర్చకు టైము చాలకపోతే మిగిలిన పద్దులన్నిటినీ ఒక్క ఊపులో ఓటుకు పెట్టి అయిందనిపిస్తారు. గిలెటిన్ అంటారు దాన్ని. వేల కోట్ల శాఖలు అలా గడప దాటిపోతున్నా నియోజకవర్గంలో ఒక్కరూ అదేమిటని అడగరని ఎమ్మెల్యేకి తెలుసు.

ఈసారి మీ ఊరికి చెక్కులు పంచడానికి వచ్చినప్పుడు చెక్కు తీసుకోండి, ఫొటో దిగండి. దిగాక, "సార్, ఈ బడ్జెట్‌ల మీరు ఏ పద్దు మీద మాట్లాడిన్రు?" అని అడగండి. మాట్లాడానంటే ఆ ప్రసంగం ప్రతి చూపించమనండి. సభలో అన్న ప్రతి మాటా రికార్డయి ఉంటుంది.