కలిపే ముందు

బస్సు టికెట్ల యాప్ ఒకటి అనుకుందాం. చార్జీ లెక్కగట్టే కోడ్ ఇప్పటిదాకా జవాబును రూపాయల్లో ఇస్తోంది. లెక్కల్లో పైసల తేడా వస్తోందని ఒక ఇంజినీరు దాన్ని పైసల్లోకి మార్చాడు. ఆ లెక్కను వాడుకునే చోట్లన్నీ వెతికి సరిచేశాడు కూడా. అదే వారం ఇంకో ఇంజినీరు టికెట్ రద్దు చేసుకునే కొత్త స్క్రీన్ రాసింది. ఆమె మొదలుపెట్టేనాటికి చార్జీ రూపాయల్లోనే ఉంది, అలాగే అనుకుని రాసింది. అతని బ్రాంచ్‌లో టెస్టులన్నీ నెగ్గాయి. ఆమె బ్రాంచ్‌లోనూ నెగ్గాయి. ఇద్దరూ ముట్టుకున్న ఫైళ్లు వేరు కాబట్టి గిట్‌కు ఎక్కడా పేచీ కనిపించలేదు, రెండింటినీ కలిపేసింది. మర్నాడు 450 రూపాయల టికెట్ రద్దు చేసుకున్నవాళ్లకు 45,000 రూపాయలు వెనక్కి వస్తాయని స్క్రీన్ చూపించింది.

ఇద్దరూ జాగ్రత్తపరులే. కానీ పరీక్ష జరిగింది విడివిడి బ్రాంచ్‌ల మీద, జనం చేతికి వెళ్లింది రెండూ కలిసిన కోడ్. ఆ కలిసిన రూపాన్ని ఎవరూ ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. ఆమె రాసిన టెస్టునే దానిమీద నడిపి ఉంటే, 450 రావాల్సిన చోట 45,000 వచ్చిందని అదే చెప్పేది.

ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి సరిగ్గా ఈ సందును మూసేది. మార్పును చేర్చాక మెయిన్ బ్రాంచ్ ఎలా ఉంటుందో ఆ రూపాన్ని ముందే పక్కన తయారు చేస్తారు. టెస్టులన్నీ దానిమీద నడుపుతారు. నెగ్గితే, ఏ రూపం నెగ్గిందో అచ్చంగా దాన్నే మెయిన్‌గా నిలబెడతారు. ఓడితే మెయిన్ ఉన్నచోటే ఉంటుంది. ఇదంతా మెషీన్ చేస్తుంది, మనిషి చేతి మీదుగా ఏదీ జరగదు.

రస్ట్ భాషను మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ 2014లో దీని గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. 2000 ప్రాంతంలో తను సిగ్నస్, రెడ్ హ్యాట్‌లలో పనిచేస్తున్నప్పుడు బెన్ ఎలిస్టన్ అనే సహోద్యోగి చిన్నచిన్న స్క్రిప్టులతోనే ఇలాంటి ఏర్పాటు చేశాడట. టెస్టులన్నీ ఎప్పుడూ నెగ్గే కోడ్‌ను యంత్రమే కాపాడుతూ ఉండాలి, ఇదేమంత రాకెట్ సైన్స్ కాదు అన్నది ఆ వ్యాసం సారం. తేలిక సంగతైనా చాలామంది పాటించడం లేదన్న బాధ అందులో కనిపిస్తుంది. రస్ట్‌లో 2013 నుంచి బోర్స్ అనే బాట్ ఈ కాపలా కాస్తోంది. రివ్యూ చేసినవాళ్లు ‘ఆర్ ప్లస్’ అని ఒక కామెంట్ పెడతారు, అంతటితో వాళ్ల పని అయిపోతుంది. మెయిన్‌లోకి చేర్చేది బోర్స్. 2015లో 1.0 వచ్చినప్పటి నుంచీ రస్ట్ ఆరు వారాలకో విడుదల ఇస్తూ వస్తోందంటే, దాని వెనకున్న బలాల్లో ఈ కాపలా ఒకటని నా నమ్మకం. విడుదల తేదీ వచ్చాక కూర్చుని విరిగినవి అతికించుకునే పని దానికి పెద్దగా ఉండదు.

మెయిన్ ఎప్పుడూ నడిచే స్థితిలో ఉంటే ఇంకో మేలుంది. నెల తర్వాత ఏదో తప్పు బయటపడిందనుకోండి. ఈలోగా వెయ్యి మార్పులు చేరి ఉంటే, గిట్‌లోని బైసెక్ట్ మధ్యలో ఒక మార్పు దగ్గర ఆగి, ఇక్కడ తప్పుందా లేదా అని అడుగుతుంది. సగం తీసేసి మిగతా సగంలో మళ్లీ మధ్యలో ఆగుతుంది. పది ప్రశ్నల్లో ఆ ఒక్క మార్పునూ పట్టిస్తుంది. కానీ మధ్యలో ఆగిన చోటల్లా కోడ్ కంపైలే కాకపోతే ఆ ప్రశ్నకు జవాబుండదు. అప్పుడు తప్పును వెతకడానికే రాత్రంతా పడుతుంది.

ఖర్చు లేదనను. టెస్టులన్నీ నడవడానికి గంట పడుతుందంటే, ఒకదాని తర్వాత ఒకటిగా రోజుకు 24 మార్పులకు మించి చేరవు. అందుకని రస్ట్ వాళ్లు చిన్న మార్పులను ఓ గుంపుగా కట్టి పంపుతారు. ఓపెన్‌స్టాక్ అనే ప్రాజెక్టు కోసం పుట్టిన జూల్ అనే సాధనం ఇంకా తెలివైన దారి పట్టింది. క్యూలో ముందున్నవన్నీ నెగ్గుతాయని అనుకుని వెనకవాటిని కూడా ఏకకాలంలో పరీక్షిస్తుంది. మధ్యలో ఒకటి ఓడితే దాన్ని తప్పించి, దాని వెనకున్నవాటిని మళ్లీ మొదలుపెడుతుంది.

నాకు దీనిలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మాత్రం మనుషుల మధ్య జరిగేది. శుక్రవారం సాయంత్రం, క్లయింట్ డెమో సోమవారం. ‘అన్నా, నా సిస్టమ్‌లో అన్నీ పాస్ అయ్యాయి, మర్జ్ చేసేయవా ప్లీజ్’ అని ఒకరు వస్తారు. వచ్చినవాడు మేనేజరుకు కావలసినవాడైతే కాదనడానికి నోరు రాదు. వచ్చింది నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్ అయితే ఎంత బాగా రాసినా సోమవారం చూద్దామంటారు. మన ఆఫీసుల్లో మొహమాటం ఎంత పని చేస్తుందో, హోదా ఎంత పని చేస్తుందో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. మర్జ్ నిర్ణయం యంత్రానికి అప్పగిస్తే ఆర్కిటెక్ట్ కోడూ ఫ్రెషర్ కోడూ ఒకే క్యూలో నిలబడతాయి. ఆర్కిటెక్ట్ రాసింది వెనక్కి వచ్చి, ఫ్రెషర్ రాసింది లోపలికి వెళ్లిన రోజున ఆ ఫ్రెషర్ నడక మారడం నేను కళ్లారా చూశాను. అందుకే ‘అర్జెంటు’ పేరుతో టెస్టులను దాటేసే అడ్మిన్ హక్కు ఎవరి దగ్గరా ఉండకూడదని నేను గట్టిగా వాదిస్తాను. నిజంగా అర్జెంటైన రోజున చేతులు వణుకుతాయి, పరీక్ష ఆ రోజే ఎక్కువ కావాలి.

అయితే కాపలావాడి మాట నమ్మదగినదిగా ఉండాలి. ఒకసారి నెగ్గి, ఏమీ మార్చకుండానే మరోసారి ఓడే టెస్టులుంటాయి. వాటిని ఫ్లేకీ టెస్టులంటాం. నెట్‌వర్క్ కాస్త నెమ్మదించినా, గడియారం అర్ధరాత్రి దాటినా, రెండు టెస్టుల వరస మారినా తడబడతాయి. తమ టెస్టుల్లో సుమారు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బుందని గూగుల్ ఇంజినీర్లే 2016లో చెప్పారు. జబ్బుకన్నా మనం చేసే వైద్యమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ‘అది ఫ్లేకీలే, రీరన్ కొట్టు’ అన్న మాట టీమ్‌లో అలవాటైందంటే, నిజమైన తప్పు వచ్చిన రోజు కూడా రీరన్ కొడతారు. అలాంటి టెస్టును ఆ రోజే పక్కనపెట్టి, బాగుచేశాకే తిరిగి తేవాలి. బాగుచేయలేకపోతే తీసేయాలి. అబద్ధమాడే టెస్టు ఉండటంకన్నా లేకపోవడమే నయమని నా అనుభవం.

ఇంకో పరిమితి ఉంది. తెలుగువాళ్లం కాబట్టి అది మనకు బాగా తగిలింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న మన అక్షరం ఐఫోన్లలో మెసేజ్‌గా వస్తే యాప్ కుప్పకూలేది. వార్తల్లో తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని రాశారు. జ్ఞానం అని మామూలుగా టైప్ చేస్తే ఏమీ కాదు. ‘ఞ’కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు చొరబడితేనే ఆ తప్పు బయటపడేది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు పొల్లు నిలబడటానికి మనం వాడేది ఆ గుర్తునే, ఇక్కడ అది రాకూడని చోట వచ్చింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ఆ కోడ్ వినియోగదారుల చేతికి వెళ్లేముందు ఎన్నో పరీక్షలు నెగ్గే ఉంటుంది. ఆ పరీక్షల్లో ఈ వరస లేదు, అంతే.

అలాంటి వరసలు పరీక్షల్లో ఉంటే ఎలా ఉంటుందో హార్ఫ్‌బజ్ చూపించింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్‌లలో అక్షరాలను ఒత్తులతో గుణింతాలతో కూర్చిపెట్టే కోడ్ అది. ప్రధానమైన భారతీయ లిపులకు కలిపి ఒకే చోట లెక్క సాగుతుంది కాబట్టి మలయాళం కోసం చేసిన సవరణ తెలుగు ఒత్తును చెడగొట్టవచ్చు. అందుకని ఒక్కో భాషకు పెద్ద పదాల జాబితా పెట్టుకుని, మైక్రోసాఫ్ట్ కూర్పుతో పోల్చి చూసి, ఏ భాషలో ఎన్ని నెగ్గాయో ఎన్ని ఓడాయో చాలా మార్పుల పక్కనే రాసిపెట్టారు. తెలుగు వరసలో తొమ్మిదిన్నర లక్షలకు పైగా పదాలున్నాయి. మన లిపి కోసం ఎవరో ఎక్కడో కూర్చుని పట్టిన ఆ లెక్కను చూసినప్పుడు నా గొంతు పూడుకుపోయింది.

అందుకే మా టీమ్‌లో పేరు, చిరునామా తీసుకునే ఫారం ఏది రివ్యూకు వచ్చినా నేను మొదట వెతికేది టెస్టుల్లో వాడిన పేరు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది 6 కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. శ్రీలక్ష్మి అంటే 33 బైట్లు. పేరును 20 బైట్ల దగ్గర కోసేసే కోడ్ ‘టెస్ట్ యూజర్’ను ఇంగ్లిష్ అక్షరాల్లో ఇచ్చినంతకాలం ఎన్నేళ్లయినా టెస్టుల్లో నెగ్గుతూనే ఉంటుంది. టెస్టులో శ్రీలక్ష్మి పేరుంటే ఆ తప్పు మర్జ్‌కు ముందే దొరుకుతుంది, ఆమె ఫారం నింపేదాకా ఆగనక్కర్లేదు.