పొగకు మార్కులెలా వేయాలి?

బీరు రుచి చూసి మార్కులు వేసేవాళ్లు ఎక్కడ ఎక్కువగా పొరబడతారంటే, బాంబెర్గ్ పొగ బీరు దగ్గర. జర్మనీలో, బవేరియా రాష్ట్రపు ఉత్తర భాగమైన ఫ్రాంకోనియాలో ఉందా ఊరు. అక్కడి ష్లెంకెర్లా మద్యశాల ప్రస్తావన 1405 నాటికే పత్రాలకెక్కింది. ట్రుమ్ కుటుంబం ఆరు తరాలుగా దాన్ని నడుపుతోంది. కొయ్య పీపా నుంచి నేరుగా గ్లాసులోకి పట్టి ఇచ్చే అక్కడి మెర్ట్సెన్ అనే పొగ బీరు ముదురు గోధుమ రంగులో ఉంటుంది; ఆల్కహాల్ 5.1 శాతం. గ్లాసు ముక్కు దాకా రాకముందే పొగబెట్టిన మాంసం వాసన గుప్పుమంటుంది. బీరంటే బాగా చల్లబరిచిన, లేత బంగారు రంగు లాగర్ అనుకుని పెరిగిన నాలుకకు ఇది బీరులాగే తోచదు. అందుకే దీనికి పడే మార్కులు రెండు కొసల్లో ఉంటాయి: కొందరు ఆకాశానికెత్తుతారు, కొందరు రెండో గుక్క తాగరు. ఈ రెండు తీర్పుల్లోనూ తొందర ఉందని నా అభిప్రాయం. ఒక బీరు ఏమి కాదలచుకుందో తెలుసుకుని, అది అయిందా లేదా అని చూసి వేసిన మార్కుకే విలువ. ప్రాంతీయ సంప్రదాయాన్ని పట్టుకుని నిలబడ్డ బీరు విషయంలో ఈ నియమం మరీ ముఖ్యం.

అసలీ పొగ ఎక్కడిది? బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, మొలక ముదరకముందే ఆరబెడితే మాల్ట్ అవుతుంది. పూర్వం చాలా చోట్ల ఆరబెట్టడమంటే కట్టెల మంట మీదే. చిల్లుల పళ్లెం మీద తడి మాల్ట్ పరిచి కింద మంట పెడితే, వేడితోపాటు పొగా గింజల సందుల్లోంచే పైకి పోయేది. అంటే పొగ బీరు ఒకప్పుడు ప్రత్యేకం కాదు, మామూలు. ఇంగ్లండులో 1635లో నికొలస్ హాల్స్‌కు, పొగ తగలకుండా మాల్ట్ ఆరబెట్టే బట్టీ మీద పేటెంటు దక్కింది. అలాంటి బట్టీలు పెరిగేకొద్దీ బీరులోంచి పొగ తప్పుకుంది. బాంబెర్గ్‌లో మాత్రం ష్లెంకెర్లా, 1536 నాటి ష్పెట్సియాల్ అనే రెండు బ్రూవరీలు బీచ్ కట్టెల మంట మీద సొంతంగా మాల్ట్ చేసుకోవడం ఇప్పటికీ మానలేదు. కొత్త పద్ధతి తెలియక కాదు. ఊరంతా సులువైన దారి పట్టినా, మంట దగ్గర మనిషి కాపలా కాయవలసిన దారిని ఎంచుకుని అందులోనే ఉన్నారు. ఈ నేపథ్యం తెలియకుండా రుచి చూసేవారికి ఆ పొగ ఎవరో పైనుంచి కలిపిన సువాసనలా అనిపించవచ్చు. నిజానికది గింజలో పుట్టింది. గింజతోపాటే ఉడికి, పులిసి, చల్లని నేలమాళిగలో నెమ్మదించింది.

ఇక మార్కుల పద్ధతికి వద్దాం. పోటీల్లో విరివిగా వాడే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ పత్రంలో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలోని తీరుకు 5, మొత్తం అనుభూతికి 10. ఇది బుద్ధిగా తయారుచేసిన పత్రమే. పొగ బీరును ప్రత్యేక శైలిగా గుర్తించి, బాంబెర్గ్ బీర్లను నమూనాలుగా చూపుతుంది కూడా. చిక్కు పత్రంలో లేదు, రుచి చూసే తీరులో ఉంది. న్యాయనిర్ణేత ముందుకు వచ్చేది కొన్ని గుక్కల నమూనా. దానికి ముందొకటి, వెనకొకటి వేరే బీర్లు. పొగకు వాసననిచ్చే గ్వయకోల్, సిరింగోల్ వంటి ఫినాల్ పదార్థాలు కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు పుడతాయి. లేశమాత్రంగా ఉన్నా వాటిని ముక్కు ఇట్టే పట్టేస్తుంది. అయితే ఆగకుండా అదే వాసన తగులుతుంటే ముక్కు దానికి అలవాటుపడి, పట్టించుకోవడం తగ్గిస్తుంది. అప్పుడు పొగ వెనక్కి జరుగుతుంది. కాల్చిన రొట్టె పైపొర లాంటి మాల్ట్ రుచి, హాప్స్ చేదు, చివర్లో నాలుక మీద మిగిలే పొడితనం ఒక్కొక్కటే ముందుకొస్తాయి. మొదటి గ్లాసుతో తీర్పు చెప్పొద్దని బాంబెర్గ్‌వాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మాటకు ఆధారం ఇదే. చిన్న నమూనాతో వేసిన మార్కు ఆ బీరు మొదటి నిమిషానికి వేసిన మార్కు మాత్రమే. ఆ బీరునేమో అరలీటరు గ్లాసులో, తీరుబడిగా తాగడానికి చేశారు.

రెండు మూడు గ్లాసులు దిగాక ఏ బీరైనా బాగానే ఉంటుంది కదా, అది రుచి కాదు మత్తు అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ముక్కు అలవాటుపడటానికి కావలసింది వ్యవధి, మోతాదు కాదు. ఒకే గ్లాసును అరగంట సేపు, కాస్త వేడెక్కనిస్తూ తాగినా ఆ మార్పు తెలుస్తుంది. వేర్వేరు రోజుల్లో తాగితే ఇంకా బాగా తెలుస్తుంది. మరీ చల్లగా ఉంటే మాల్ట్ రుచి ముడుచుకుని పొగ ఒక్కటే మిగులుతుంది కాబట్టి ఎనిమిది, పది డిగ్రీల దగ్గర తాగడం మేలు. నాలుగైదు రకాలు వరసగా చూసేటప్పుడు పొగ బీరును చివర్లో పెట్టాలి, లేకపోతే తర్వాతివాటి రుచి తెలియదు. గుక్కను మింగాలి కూడా. చేదు ఎలా ముగిసిందో మింగాకే తెలుస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఉద్దేశాన్ని బట్టే మార్కులు వేయాలంటే, సంప్రదాయం పేరుతో ప్రతి లోపాన్నీ గుణమని చెప్పుకోవచ్చు కదా? పాలు పొగచూరితే మన ఇళ్లలో పారబోస్తాం. అదే పొగ బాంబెర్గ్‌లో ఎందుకు గొప్పదైంది? పాలు కాచేవాళ్లు పొగను కోరుకోరు, అది పొరపాటున చేరుతుంది; మాల్ట్ చేసేవాళ్లు దాన్ని కోరి, కొలతగా ఎక్కిస్తారు. ఆ కొలత తప్పితే అక్కడా అది లోపమే. కమురు వాసన, కాలిన రబ్బరు వాసన, గొంతులో గీసుకునే ఘాటు ఉంటే పొగ బీరుకు మార్కులు తగ్గాల్సిందే. పోటీ నియమాలూ ఆ మాటే చెబుతాయి. నీటిలోని క్లోరిన్ ఫినాల్స్‌తో కలిసినప్పుడు వచ్చే ఆసుపత్రి వాసననూ, గాలి సోకి పాతబడ్డ బీరులోని తడిసిన అట్టపెట్టె వాసననూ ఏ సంప్రదాయమూ కాపాడలేదు. ఉద్దేశాన్ని తెలుసుకోవడం వల్ల కొలబద్ద సడలదు, ఇంకా బిగుస్తుంది. పొగ ఉందా లేదా అన్న మొరటు ప్రశ్న పోయి, ఆ పొగ మాల్ట్ తీపితో పొసగిందా, దాన్ని మింగేసిందా అన్న ప్రశ్న మిగులుతుంది. ష్పెట్సియాల్ లాగర్‌లో పొగ మెత్తగా, అంచుల్లో ఉంటుంది. ష్లెంకెర్లాలో నిండుగా ముందు నిలుస్తుంది. పొగ తక్కువని మొదటిదానికో, ఎక్కువని రెండోదానికో మార్కులు కోస్తే రెండిటికీ అన్యాయమే.

పాతదనం ఒక్కటే చూసి మార్కులు వేయడమూ నాకు సమ్మతం కాదు. గోడ మీది 1405 అన్న అంకె గ్లాసులో ఉన్నదాన్ని బాగుచేయదు. పాత బ్రూవరీ దగ్గర మనం చూడవలసింది, ఒకే పనితనం వేర్వేరు బీర్లలో ఎలా పలుకుతోందన్నది. ష్లెంకెర్లాలో అక్టోబరులో వచ్చే 6.5 శాతం ఉర్‌బాక్ నెలల తరబడి నేలమాళిగలో ఉండి వస్తుంది. బలం పెరిగినా పొగ మొరటుగా మారదు. క్రిస్మస్ వేళకు చేసే ఐషె డోపెల్‌బాక్‌లో ఆల్కహాల్ 8 శాతం. అందులో మాల్ట్‌ను బీచ్‌కు బదులు ఓక్ కట్టెల మీద ఆరబెడతారు. పొగ గుండ్రబడి, తీపికి చోటిస్తుంది. బలమైన బీర్లకు ఎక్కువ మార్కులు పడటం లోకరీతి కనుక ఈ రెంటికీ మెప్పు సులువుగానే దొరుకుతుంది. నన్నడిగితే ఆ బ్రూవరీకి అసలు పరీక్ష లేత రంగు హెల్లెస్. అందులో పొగ మాల్ట్ వేయరు. అదే పాత్రల్లో కాచడం వల్ల, పొగ బీరును పులియబెట్టిన ఈస్ట్‌నే వాడటం వల్ల కొద్దిగా పొగ దానంతటదే అంటుకుంటుంది. పొగ మరుగు లేదు కాబట్టి మాల్ట్‌లో గానీ, పులియబెట్టడంలో గానీ తప్పు జరిగితే ఈ గ్లాసులో వెంటనే బయటపడుతుంది. మార్కుల పత్రం పట్టుకుని ఆ మద్యశాలకు వెళ్లేవారు ముందు హెల్లెస్ అడగాలి. మెర్ట్సెన్‌కు అంకె వేయడం ఆ తర్వాత.