సుత్తి, దాగలి, ఒక పాట

విలియం మార్షల్ అనగానే అందరూ చెప్పే కథ ఒకటుంది. 1152లో న్యూబరీ కోట ముట్టడి. ఐదారేళ్ల విలియం, ఇంగ్లండు రాజు స్టీఫెన్ దగ్గర బందీ. తండ్రి జాన్ ఇచ్చిన మాట తప్పాడు. పిల్లాణ్ని ఉరి తీస్తామని బెదిరిస్తే, ఇంతకన్నా మంచి కొడుకుల్ని చేసుకోడానికి సుత్తీ దాగలీ తన దగ్గరున్నాయని కబురు పంపాడట. చివరికి స్టీఫెన్‌కే మనసు రాలేదు.

ఇది మనకి తెలిసింది ‘హిస్టరీ ఆఫ్ విలియం మార్షల్’ అనే కావ్యం వల్ల. 1226 ప్రాంతంలో ముగిసిన ఆంగ్లో-నార్మన్ ఫ్రెంచి రచన, పంతొమ్మిది వేల పైచిలుకు పాదాలు. నేను చదివింది ఇంగ్లీషు అనువాదం. రాయించింది మార్షల్ పెద్దకొడుకు, అతని పేరూ విలియమే. కొడుకు డబ్బిచ్చి రాయించుకున్న తండ్రి కథలో పొగడ్తకి కొరత ఉంటుందా? టోర్నమెంట్ల వర్ణనలైతే, నిజం చెప్పొద్దూ, విసుగే.

నన్ను ఆపేసింది వేరే విషయం. పెద్దయ్యాక మార్షల్, కింగ్ జాన్ అడిగితే తన పెద్దకొడుకుని బందీగా ఇచ్చాడు. తర్వాత రెండోవాడు రిచర్డ్‌ని కూడా. కావ్యం ఇవన్నీ చెబుతుంది కానీ, తాతగారి సుత్తి మాటని వీటి పక్కన పెట్టి చూడాలని కవికి తట్టినట్టు లేదు. తట్టినా, ఆ బందీ కుర్రాడే ఇప్పుడు తనకి జీతమిచ్చే దొర! పైకి ఏమని రాస్తాడు? ఈ మౌనం నాకు కావ్యంలోని యుద్ధాలన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది.

కవి బిగువు సడలేది ఒక్కచోట. 1219, కావర్‌షమ్‌లో మార్షల్ చావుకి దగ్గరపడ్డాడు. పాట పాడాలనిపిస్తోందంటాడు, కానీ పిచ్చిపట్టిందనుకుంటారని తను పాడడు. కూతుళ్లని పిలుస్తారు. ముందు మటిల్డా పాడుతుంది. తర్వాత ఇంకా పెళ్లికాని జోన్, సిగ్గుపడుతూ. అలా కాదమ్మా, ఇలా పాడాలని ఆ డెబ్బయ్యేళ్ల యోధుడు నేర్పుతాడు. ఈ కొద్ది పాదాల కోసం టోర్నమెంట్లన్నీ క్షమించేశాను.

కావ్యానికి తెలియనిది దాని తర్వాతి కథ. మార్షల్ పైకొచ్చిందే టోర్నమెంట్లతో. కొడుకు గిల్బర్ట్ 1241లో టోర్నమెంటులోనే పోయాడు. 1245 కల్లా ఐదుగురు కొడుకులూ వారసులు లేకుండానే వెళ్లిపోయారు. ఆస్తి ఐదుగురు కూతుళ్ల వైపు వాళ్లకి ముక్కలైంది. పెంబ్రోక్ మాత్రం ఆ జోన్ కూతురికి దక్కింది.