చిత్రాభిమానియు సహృదయుఁడును

ఉప్పలునందు నివసించు నొక చిత్రాభిమాని, 1977 మొదలు 2023 వఱకుఁ దాను చూచిన చలనచిత్రములను గుఱించి వ్రాసికొన్న యభిప్రాయముల పుస్తకములు నాలుగు కలవు. అతఁడు పండితుఁడు కాఁడు. పత్రికలకు వ్రాసినవాఁడును గాఁడు. నాచారపుఁ బారిశ్రామికవాడలో నొక యంత్రశాలయందుఁ బనిచేసి విశ్రాంతిఁ గొన్నవాఁడు. తేదీ వేసి, చిత్రము పేరు వ్రాసి, దానిక్రిందఁ దనకుఁ దోఁచినది యొకప్పుడు రెండు పంక్తులు, ఒకప్పుడు మూఁడు పుటలు వ్రాసినాఁడు. ముద్రణమునకై వ్రాసినవి కావు గనుక వానియందు దాఁపఱికము లేదు.

తాళపత్రములను వెదకి పరిష్కరించువారికి నిట్టి వ్రాఁతలతోఁ బని యేమి యని కొందఱకుఁ దోఁపవచ్చును. కాని లక్షణగ్రంథములన్నియు నెవనిని సాక్షిగాఁ జేసికొని రసమును నిర్ణయించినవో యా సామాజికుని వ్రాఁత దొరకుట మిక్కిలి యరుదు. కాళిదాసుని నాటకమును బ్రథమమునఁ జూచి యింటికిఁ బోయిన గృహస్థుఁడు తన వారితో నేమనెనో యెవరును వ్రాసిపెట్టలేదు.

అభిమాని యను మాటయే విచారింపఁదగినది. సంస్కృతమున నభిమానము "నేను, నాది" యను భావమును జెప్పును. సాంఖ్యులు అహంకారమునకు లక్షణముగా నా శబ్దమునే వాడిరి. తెనుఁగునకు వచ్చి యది మెల్లఁగాఁ బ్రేమయు నాదరమును నైనది. సహృదయుఁడన్ననో కావ్యానుశీలనముచే నద్దమువలె నిర్మలమైన మనస్సు గలవాఁడని యభినవగుప్తుని మతము. అద్దమునందుఁ దన మొగమును మాత్రమే చూచుకొనువాఁడు మొదటివాఁడు. ఎదుటి వస్తువును జూచువాఁడు రెండవవాఁడు. ఈ పుస్తకములలో నీ యిద్దఱును గలరు. ఒక్కొక్కప్పు డొకే పుటలో నున్నారు.

మొదటి పుస్తకమునఁ బ్రథమపుట దానవీరశూరకర్ణను గుఱించినది. నందమూరి తారక రామారావు 1976లో నాచారమున రామకృష్ణా స్టూడియోను నెలకొల్పెను. దాని పూర్తి పేరులో హార్టికల్చరల్ అను మాటయుఁ గలదు. తోఁటపనికిని సినిమాకును గల సంబంధ మేమో యా పేరు పెట్టినవారికే తెలియవలెను. ఆ స్టూడియోలో రూపొందిన యీ చిత్రము 1977 జనవరి 14వ తేదీన, సంక్రాంతి నాఁడు, విడుదలయైనది. కర్ణుఁడు, దుర్యోధనుఁడు, శ్రీకృష్ణుఁడు ననెడు మూఁడు పాత్రలను ధరించి, దర్శకత్వమును నిర్మాణమును దానే వహించిన రామారావునకు సంభాషణలు సమకూర్చినవాఁడు కొండవీటి వేంకటకవి. చిత్రపు నిడివి నాలుగు గంటలకుఁ గొంచెము తక్కువ.

ఉప్పలు వాసి యా మొదటి పుటలోఁ గర్ణునిఁ గుఱించి వ్రాసినది స్వల్పము. తానును దన తోడివారును బనికిఁ బోవుచుఁ బ్రతిదినము చూచు గోడ వెనుక నీ హస్తినాపుర మంతయు నున్నదా యని యాశ్చర్యపడినాఁడు. సభామంటపపు స్తంభములను జూచి యవి యెచ్చట నిలిపిరో యని యూహించినాఁడు. ఇది మన యూరి చిత్రమని మూఁడు మాఱులు వ్రాసినాఁడు. పుట చివరను మాత్రము, చిత్రము ముగిసినపిదపఁ గర్ణుఁడేమి పలికెనో తనకు జ్ఞాపకము లేదని యొప్పుకొనినాఁడు. రసమునకు విఘ్నములేడని యభినవభారతి చెప్పుచున్నది. వానిలో దేశకాలవిశేషావేశ మొకటి: ఇది నాది, ఇది పరునిది, ఈ యూరిది, ఈనాఁటిది యను పట్టుదల మనస్సును విడువకుండుట. ఆ లక్షణమునకు నాచారపు గోడకంటె స్పష్టమైన యుదాహరణము గ్రంథములయందు దొరకదు. శాస్త్రము చదువనివాఁడు తన విఘ్నమును దానే పట్టుకొనుట గమనింపఁదగినది.

మూఁడవమాఱు చూచినప్పటి వ్రాఁతలో గోడ లేదు, మాట యున్నది. రంగభూమిలోఁ గర్ణుని కులమును బ్రశ్నింపఁగా సుయోధనుఁ డాచార్యుల నుద్దేశించి చేసిన ప్రసంగమును జెప్పుచు, అది కోపము కాదనియు, న్యాయస్థానమున వాదించువాని పట్టు వంటిదనియు నభిమాని వ్రాసినాఁడు. మఱియు దానిని వేంకటకవి స్వయముగాఁ గల్పించెనని తలఁచినాఁడు. అందులో సగమే నిజము. ఆదిపర్వమున భీముఁడు కర్ణుని సూతుఁడని యెగతాళి చేసినప్పుడు దుర్యోధనుఁడు శూరుల పుట్టుకయు నదుల పుట్టుకయుఁ దెలియరానివని వాదించి, ద్రోణకృపుల జన్మములను జూపి, పాండవుల జన్మమునుగూడ నెత్తిపొడుచును. బీజ మక్కడిదే. చిత్రమున నూతనమైన దేమనఁగా, వాద మొక యడుగు వెనుకకుఁ బోయి కురువంశపు మూలమునే పట్టినది. వసిష్ఠ పరాశర వ్యాసుల పరంపరను వరుసగా నడిగి, తన వంశమే సంకరమని యొప్పుకొనుటచేతఁ బ్రతివాది నోరు మూయించినది. తన పక్షమునకు హాని కలిగించు ప్రమాణమును దానే చూపి గెలుచుట తార్కికులలోఁ గూడ నరుదు. అభిమానికిఁ బట్టు తెలిసినది. పట్టు యొక్క పుట్టుక తెలియలేదు. పండితుల కనేకులకుఁ బుట్టుక తెలిసి పట్టు తెలియదు.

ఆ పుటయందే మఱియొక సంగతి కలదు. తన యంత్రశాలలో సంతకము చేయనేరని కార్మికులు సైత మా ప్రసంగమును దీర్ఘసమాసములతోఁ దప్పులేక వల్లించుచుండిరని వ్రాసినాఁడు. పాఠశాలలలో మూఁడు పదముల సమాసమును విద్యార్థిచేతఁ బలికించుటకుఁ బడు శ్రమ యుపాధ్యాయులకుఁ దెలియును. అర్థమెఱుఁగక వల్లించువాఁడు బరువు మోయు స్తంభము వంటివాఁడని యాస్కుఁడు నిందించిన మాట నిజమే. కాని యా కార్మికులు స్తంభములు కారు: ఎచట నాఁగవలెనో, ఎచట గొంతు హెచ్చింపవలెనో వారికిఁ దెలిసియుండెను. సమాసము లోపలి విగ్రహవాక్యము తెలియకపోయినను వాక్యతాత్పర్యము తెలిసినవానికే యది సాధ్యము.

చిత్రమునకు దోషము చెప్పునప్పు డుప్పలు వాసి యింకను నిశితుఁడు. కర్ణునికొఱకుఁ బోయి సుయోధనునితోఁ దిరిగివచ్చితినని యతని ఫిర్యాదు. మమ్మటుఁడు కావ్యప్రకాశమున రసదోషములను జెప్పుచు నంగమైనదాని నతిగా విస్తరించుట యొక దోషమని, హయగ్రీవవధమందలి హయగ్రీవవర్ణన నుదాహరించెను. ఈ చిత్రమునఁ బేరు కర్ణునిది, రాజ్యము దుర్యోధనునిది. రాజ్యమిచ్చినవాఁడు దుర్యోధనుఁడే గదా యని చమత్కరించి తప్పించుకొనవచ్చును గాని దోషము దోషమే.

భానుమతితోడి యుగళగీతమును గుఱించి యతని వ్రాఁత మఱియు వింత. సి. నారాయణరెడ్డి రచించిన యా గీతము తనకుఁ బ్రాణమనియు, నింటిలో నెన్నియో మాఱులు వినితిననియు, ప్రదర్శనశాలలో మాత్ర మది వచ్చినప్పుడెల్లఁ గథ యెప్పుడు తిరిగి మొదలగునా యని చూచుచుంటిననియు వ్రాసినాఁడు. భట్టనారాయణుని వేణీసంహారమున ద్వితీయాంకమందు భానుమతీదుర్యోధనుల శృంగారమును మమ్మటుఁడు "అకాండే ప్రథనము", అనఁగాఁ దఱి గాని తఱిని విస్తరించుట, యని తప్పుపట్టెను. పాత్రలు వారే, ఆక్షేపణయు నదే. ఒక భేదము చెప్పకున్న నన్యాయమగును: వేణీసంహారమున నావలఁ గురుక్షేత్రము మండుచున్నది, వీరులు కూలుచున్నారు; చిత్రమున గీతమునకుఁ జుట్టును నట్టి పరిస్థితి లేదు. కావున నాటకకర్తకుఁ బడిన శిక్షలోఁ జాలభాగము చిత్రకర్తకు వర్తింపదు. ఐనను పాట వేఱు, పాట యొక్క చోటు వేఱు అని గుర్తించిన యభిరుచిని మెచ్చుకొనవలసినదే.

ఇఁక సుయోధన శబ్దము. పుస్తకములలో నెచ్చటను దుర్యోధనుఁడని లేదు. దుర్ అనునది నిందార్థకమని యతఁడు తలఁచినట్లున్నది. లోకమున ననేకుల తలంపును నదే. ఖలర్థమున వచ్చు యుచ్ ప్రత్యయముచేతఁ గష్టముమీఁదఁ బోరఁదగినవాఁడు దుర్యోధనుఁడగును. అది నింద కాదు, బిరుదము. ఆ ప్రకరణముననే సు అను నుపపదమును జేర్చినచో సుఖముగాఁ బోరఁదగినవాఁడని తేలును. ధర్మరాజు సుయోధనుఁడని పిలుచుట ప్రసిద్ధమే; మంచి యుద్ధము గలవాఁడని బహువ్రీహి చెప్పి సమర్థింపవచ్చును. కాని మర్యాద చేయఁబోయి యభిమాని తన ప్రియనాయకుని సులభముగా గెలువఁదగినవానిఁగాఁ జేయుట కాకతాళీయము.

చిత్రనామమునందును వ్యాకరణపుఁ జిక్కు కలదు. వీరమునకు దానవీరము, ధర్మవీరము, యుద్ధవీరము, దయావీరము నని విశ్వనాథుఁడు నాలుగు భేదములు చెప్పెను. కావున దానవీరుఁడన్నపిదప శూరశబ్దము యుద్ధవీరమును దెలుపుటకు వచ్చినదని పునరుక్తిని దప్పింపవచ్చును. డుమువర్ణకము లేని "కర్ణ" రూపమునకు మాత్రము సమాధానము కష్టము. తెనుఁగు చెవికది సంబోధనముగానే వినఁబడును. ఈ చర్చ యెఱుఁగని యుప్పలు వాసి, గోడపత్రమున నా పేరు చూచినప్పు డెవరో యెవరినో కేకవేసి పిలిచినట్లుండెనని వ్రాసినాఁడు!

అదే సంక్రాంతి నాఁడు విడుదలైన కురుక్షేత్రమును గుఱించిన పుట చదువఁదగినది కాదు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వచ్చిన యా చిత్రము నతఁడు చూడకమునుపే ద్వేషించినాఁడు; కృష్ణ, శోభన్‌బాబు, కృష్ణంరాజుల నటనమును గుఱించి హేతువు చూపక యెత్తిపొడుపులే వ్రాసి, నూటికి ముప్పది మార్కులు వేసినాఁడు. ఈ మార్కులు వేయుట పుస్తకములన్నిటను గలదు. బడి విడిచినను బడివాసన విడువదు గాఁబోలు. మార్కులు గలచోట హేతువు తక్కువ; హేతువు గలచోట మార్కులు వేయుట యతఁడే మఱచినాఁడు.

మాయాబజారును గుఱించిన రెండు పుటలలో మార్కులు లేవు. 1957లో కె. వి. రెడ్డి తీసిన యా చిత్రము నతఁడు చాలకాలమునకుఁ బిదప, పునఃప్రదర్శనమునఁ జూచినాఁడు. పింగళి నాగేంద్రరావు రాక్షసులచేతఁ బలికించిన గింబళి, గిల్పము నను మాటలు వినఁగానే తన తల్లి గుర్తువచ్చినదని వ్రాసినాఁడు. ఏలయన, ఆమె "కంబళి గింబళి యేమైన నున్నదా" యని యడిగెడిదఁట. తెనుఁగున నే శబ్దమునకైన మొదటి యక్షరమును గి యని మార్చి వెంటఁ జేర్చి, అట్టి తక్కిన వస్తువులని చెప్పుట యింటింట నున్న యలవాటు. నాగేంద్రరావు చేసిన పని యేమనఁగా, ఆ తోఁకను శబ్దమునుండి విడఁదీసి దానికొక వస్తువు నిచ్చుట. దీనిని బండితు లెవరైనఁ జెప్పిరో లేదో గాని, ఒక కార్మికుఁడు తల్లి మాటను సాక్ష్యముగాఁ దెచ్చి చెప్పినాఁడు.

అసమదీయులు, తసమదీయులు నను వానిని మాత్రము నవ్వించు మాటలని విడిచినాఁడు. అస్మద్ శబ్దముపై ఛప్రత్యయము వచ్చి దాని కీయాదేశము కాఁగా నస్మదీయమగును; తద్ శబ్దమునకుఁ దదీయము. రాక్షసుని నోటఁ బడి సకారమకారముల నడుమ నకారము చొచ్చినది. పిదప వాఁడు తదీయము నెఱుఁగక, ఉన్న మాటకే తకారమును దగిలించి పరపక్షమును బుట్టించెను. తప్పునకుఁగూడ నొక క్రమముండుటచేతనే యది యంతగా నవ్వించుచున్నది.

నాలుగవ పుస్తకమున భాషను గూర్చిన యొక మొఱ కలదు. తెలంగాణపు మాట తెరమీఁదఁ జిరకాలము హాస్యగాని నోటనో దుష్టుని నోటనో వినఁబడెడిదనియు, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున వచ్చిన మా భూమి వంటివి విడిచినఁ దన తల్లి క్రియాపదములు నాయకుని నోట వినుట యరుదయ్యెననియు నతని బాధ. గ్రామ్యమని దీనిని దిగద్రోయుట వైయాకరణులకు సులభము. కాని దృశ్యకావ్యమునఁ బాత్రోచితముగా దేశభాషలు వాడవలెనని భరతుఁడే విధించినాఁడు గనుక గ్రామ్యదోష మిచట నిలువదు. అంతటితో నాక్షేపణము తీరలేదు. ఆ భరతుఁడే రాజునకు సంస్కృతమును, విదూషకునకుఁ బ్రాచ్యను నియమించెను. ఏ దేశపు మాట నవ్వు పుట్టించుటకు నియుక్తమగునో యా దేశమువాఁడు సభలోఁ గూర్చుండి యేమనుకొనునను ప్రశ్న నాట్యశాస్త్రవ్యాఖ్యాత లడిగినట్లు కానరాదు. ఉప్పలు వాసి యడిగినాఁడు. దీనికి సమాధానము లక్షణగ్రంథములనుండి తెచ్చుట కష్టము.

అందుచేతనే వేణు యెల్దండి తీసిన బలగము, 2023 మార్చి 3వ తేదీన విడుదలైనది, యతని పుస్తకమునఁ బెద్దచోటు నాక్రమించునని చదువరి యెదురుచూచును. కొమురయ్య యను వృద్ధుఁడు మరణించును. పిండమును గాకి ముట్టదు. నల్లిబొక్కకై పుట్టిన యలుకచే నేండ్లతరబడి విడిపోయిన బావమఱఁదులును, అన్నదమ్ములును, ఆఁడుబిడ్డయు నా పిండముచుట్టుఁ జేరుదురు. కథ యింతే. కాని మార్చి నెలనాఁటి పుటలోఁ దేదీయుఁ బేరును దక్క నేమియు లేదు; తక్కిన పుటయంతయుఁ దెల్లగానే యున్నది. అంతకు ముందు పుటల నడుమ నతని యన్నగారి దశదినకర్మల యాహ్వానపత్రిక మడిచి పెట్టఁబడియున్నది. దానిమీఁది తేదీ చిత్రము చూచిన దినమునకుఁ బదునైదు దినములు ముందుది. తన సుఖదుఃఖములకు వశుఁడగుటయు నభినవగుప్తుఁడు చెప్పిన విఘ్నములలోనిదే. మొదట నాచారపు గోడ యడ్డమైనట్లే యిచట నన్నగారి పిండ మడ్డమైనది.

ఆ యేఁటి శీతకాలమున నింటిలోని తెరపై మరల నా చిత్రమును జూచినాఁడు. ఈ మాఱు రెండు పుటలు వ్రాసినాఁడు. మొగిలయ్య కొమురమ్మ దంపతులు పాడిన కడపటి పాటలోఁ జచ్చినవాఁడే మాటలాడుచున్నట్లుండుట, వినువారొక్కొక్కరు తలవంచుట, ఎవరి తప్పు నెవరును నోరువిడిచి చెప్పకుండుట మొదలగునవి వరుసగా వ్రాసినాఁడు. అన్నగారి ప్రసక్తి లేదు. కాకి వ్రాలునో వ్రాలదో యని ప్రక్కనున్న మనుమఁడు, తాత చేయి పట్టుకొని, యూపిరి బిగఁబట్టెనని కలదు. ఆ పుటలకు మార్కులు వేయలేదు.