గేటు దాటాక ఏం జరుగుతుంది?

మన కార్మిక కథలో కార్మికుడు గేటు దాకా వస్తాడు. సైరన్ మోగుతుంది. సైకిల్ స్టాండులో పెడతాడు, కార్డు పంచ్ చేస్తాడు. తర్వాతి పేరాలో సాయంత్రం అయిపోతుంది. మధ్యలోని ఎనిమిది గంటలు ఒక్క వాక్యంలో కొట్టుకుపోతాయి: యంత్రాలతో తానూ ఒక యంత్రమై పనిచేశాడు. ఈ వాక్యాన్ని ఎన్ని కథల్లో చదివానో లెక్కలేదు. సమ్మె ఉంటుంది, లాఠీఛార్జి ఉంటుంది, ఆకలి ఉంటుంది, యజమాని కారు ఉంటుంది. పని మాత్రం ఉండదు. రైతు కథ రాసేవాడు దుక్కీ, విత్తనం, కలుపూ, కోతా తెలియకుండా కలం పట్టడు. పట్టినా పాఠకుడు ఊరుకోడు. కార్ఖానా కథకు ఆ నియమం ఎందుకు వర్తించకుండా పోయింది?

ఇది కేవలం శిల్పలోపమని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇది అవగాహనలో లోపం. దోపిడీ జరిగేది గేటు దగ్గర కాదు, జీతాల కిటికీ దగ్గరా కాదు. పని జరుగుతున్న చోట, పని జరుగుతున్న గంటల్లో. ఆ గంటల్ని వదిలేసిన రచయిత దోపిడీ ఫలితాన్ని చూపగలడు గాని దోపిడీని చూపలేడు. ఈ మాటకు రుజువుగా కథాసాహిత్యం బయటి పుస్తకాన్ని ఒకదాన్ని ముందు పెట్టుకుంటున్నాను. అది మైకేల్ బురవాయ్ రాసిన 'మాన్యుఫాక్చరింగ్ కన్సెంట్'. 1979లో షికాగో విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఇదే పేరుతో 1988లో హెర్మన్, చామ్‌స్కీలు పత్రికల మీద రాసిన గ్రంథం వేరు. అక్కడ అంగీకారాన్ని తయారుచేసేది వార్త. ఇక్కడ తయారుచేసేది పని.

బురవాయ్ 1974-75లో షికాగో ప్రాంతంలోని ఒక ఇంజన్ కార్ఖానాలో పది నెలలు మెషీన్ ఆపరేటరుగా పనిచేశాడు. అక్కడ పెద్ద డీజిల్ ఇంజన్లు తయారవుతాయి. కంపెనీకి పుస్తకంలో 'అలైడ్' అని మారుపేరు పెట్టాడు. అతను చేరిన చోటే, కంపెనీ వేరేవాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో, 1944-45లో డొనాల్డ్ రాయ్ అనే మరో పరిశోధకుడు డ్రిల్లింగ్ మెషీన్ మీద పనిచేసి వ్యాసాలు రాశాడు. చేరిన తర్వాతే బురవాయ్‌కి ఈ సంగతి తెలిసింది. ఒకే కార్ఖానా, ముప్పయ్యేళ్ల ఎడం, ఇద్దరు సాక్షులు. ఇలాంటి అవకాశం ఏ నవలాకారుడికీ దొరికి ఉండదు.

లోపల పని ఎలా నడుస్తుంది? ఆపరేటరు ఒక జాబ్ పూర్తిచేయగానే షెడ్యూలింగ్ మనిషి దగ్గరకు వెళ్లి తర్వాతి జాబ్ తెలుసుకోవాలి. నకలు చిత్రం తెచ్చుకోవాలి. టూల్ క్రిబ్ కిటికీ దగ్గర నిలబడి ఫిక్స్చర్లూ, కోత పనిముట్లూ తీసుకోవాలి. ముడిసరుకు ట్రక్కరు తెచ్చి పడేయాలి. అప్పుడు మెషీన్ సెట్ చేసుకోవాలి. మొదటి ముక్క కోసి ఇన్‌స్పెక్టరుకు చూపించి 'సరే' అనిపించుకోవాలి. అసలు ఉత్పత్తి ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ గొలుసులో ఏ కొలికి దగ్గర ఆలస్యమైనా పోయేది ఆపరేటరు సమయమే, ఎందుకంటే అతని కూలి ముక్కల లెక్క మీద ఉంది. క్రిబ్ మనిషి మొహం తిప్పుకుంటే, ట్రక్కరు పట్టించుకోకపోతే, ఇన్‌స్పెక్టరు వేరే వరసలో ఉంటే అతని రోజు పాడవుతుంది. కోపం యజమాని మీదకు పోదు. పక్కనున్న ట్రక్కరు మీదకు పోతుంది. ట్రక్కర్లను తక్కువమందిని పెట్టింది ఎవరన్న ప్రశ్న ఆ క్షణంలో ఎవరికీ తోచదు.

ఇక రేటు సంగతి. ప్రతి పనికీ గంటకు ఇన్ని ముక్కలని ఒక ప్రమాణం ఉంటుంది. దాన్ని 100 శాతం అనుకుంటే, అంతకు తగ్గినా కనీస కూలి గ్యారంటీ. సగటు కార్మికుడి నుంచి కంపెనీ ఆశించేది 125 శాతం. పైన కార్మికులు తమకు తాము గీసుకున్న గీత 140 శాతం. దాన్ని దాటి చూపిస్తే రేటు బిగిస్తారన్న భయం. అందుకని ఎక్కువగా చేసిన ముక్కల్ని చూపకుండా దాచి, గిట్టని రోజున బయటికి తీస్తారు. ఈ మొత్తం వ్యవహారానికి వాళ్ల మాట 'మేకింగ్ అవుట్'. మన మాటల్లో చెప్పాలంటే గిట్టించుకోవడం. రాయ్ కాలంలోనూ ఇదే ఆట. రోజు కూలి గంటకు 85 సెంట్లు. గీత ఒక డాలరు ఇరవై అయిదు సెంట్లు. గిట్టే పనిని గీత దాకా చేసి ఆగడం, గిట్టని పని వస్తే చేతులు ముడుచుకుని ఈడ్వడం.

చదివేవాడికి ఇది కార్మికుడి తెలివిగా, ప్రతిఘటనగా కనిపిస్తుంది. మనలో చాలామంది అంతటితో ఆగి, ఇదుగో వర్గచైతన్యం అని చప్పట్లు కొడతాం. బురవాయ్ అక్కడ ఆగలేదు. కార్మికుడు ఇంకా ఎక్కువ పని ఎందుకు చేయడని అంతకుముందు సామాజిక శాస్త్రవేత్తలు అడిగారు. అతను ప్రశ్నను తిరగేశాడు: చేస్తున్నంత పనైనా ఎందుకు చేస్తున్నాడు? జవాబు ఆ ఆటలోనే ఉంది. ఆట ఆడేవాడు ఆట నియమాల్ని ప్రశ్నించడు. ఈ రోజు గీత అందుకున్నానా లేదా అన్న ఉద్వేగంలో గంటలు గడిచిపోతాయి, విసుగు తగ్గుతుంది, తోటివాళ్లలో పరువు దక్కుతుంది. ఆ మధ్యలో యజమానికి చేరే అదనపు విలువ కంటికి కనబడకుండా పోతుంది. మొదట ఈ ఆటను చిన్నచూపు చూసిన పరిశోధకుడే కొద్ది రోజుల్లో అందులో మునిగిపోయాడు. ఏ కొరడా లేకుండానే అతను ఒళ్లు వంచాడు. ముక్క కూలి కార్మికుడి సొంత ఆసక్తినే అతని మీద మేస్త్రీగా నియమిస్తుందని 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ వివరించిన విషయం ఇక్కడ శరీరం ధరించి కనిపిస్తుంది.

ముప్పయ్యేళ్లలో వచ్చిన మార్పు కూడా గమనించదగ్గది. రాయ్ కాలంలో టైమ్ స్టడీ మనిషి గడియారం పట్టుకుని వెనక నిలబడేవాడు. శత్రువు కళ్లెదుట ఉండేవాడు. 1974 నాటికి అతను షాపు వదిలి ఆఫీసులోకి పోయాడు. ఫోర్‌మన్ మెత్తబడి గిట్టించుకోవడానికి సాయం కూడా చేస్తున్నాడు. సీనియారిటీ ప్రకారం మంచి జాబ్‌కు దరఖాస్తు పెట్టుకునే పద్ధతి వచ్చింది. ఫిర్యాదులకు యూనియన్ ద్వారా ఒక తంతు ఏర్పడింది. దాంతో యజమానితో ఘర్షణ తగ్గింది, కార్మికుల మధ్య ఘర్షణ పెరిగింది. హక్కులు పెరగడమూ అంగీకారం పెరగడమూ ఒకే దారిలో జరగడం మనకు మింగుడు పడని సత్యం. మింగుడు పడదు గనకనే మన కథల్లోకి రాదు.

అలాగని ఇది పెట్టుబడిదారీ దేశపు కథ మాత్రమే అనుకుని సంతోషించే వీలు లేదు. హంగేరీ కవి మిక్లోష్ హరాస్తి 1970ల మొదట్లో బుడాపెస్ట్‌లోని రెడ్ స్టార్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో మిల్లింగ్ మెషీన్ మీద పనిచేసి ముక్క కూలి మీద పుస్తకం రాశాడు. దానికి ప్రతిఫలం కోర్టు విచారణ. 'కార్మిక రాజ్యంలో ఒక కార్మికుడు' అన్న అర్థం వచ్చే పేరుతో అది 1977లో ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ కనీస కూలికి గ్యారంటీ లేదు. రెండు మెషీన్లు ఒక్కడే నడపాలి. షికాగోలో ఆట అయినది బుడాపెస్ట్‌లో ప్రాణగండం. బురవాయ్ ఈ పోలికను దాచలేదు. 1985 నాటి తన గ్రంథంలో వివరంగా చర్చించాడు. తానే వెళ్లి హంగేరీ కార్ఖానాల్లోనూ, ఉక్కు కొలిమి దగ్గరా పనిచేశాడు. జెండా రంగును బట్టి మెషీన్ దగ్గరి సంబంధం దానంతట అదే మారదన్నది అభ్యుదయ రచయితలు గుర్తుంచుకోవలసిన పాఠం.

సాహిత్యంగా చూస్తే హరాస్తి పుస్తకమే ఎక్కువ లోతైనది. అందులో ఒక భాగం ఉంది: కార్మికులు దొంగచాటుగా తుక్కుతో తమకోసం చిన్న వస్తువులు చేసుకోవడం గురించి. కూలి లేదు, రేటు లేదు, పట్టుబడితే శిక్ష. అయినా ఆ పనిలోనే ఆనందం. పరాయీకరణ అన్న మాటను వంద వ్యాసాలు చెప్పలేనంత స్పష్టంగా ఆ చిన్న వస్తువు చెబుతుంది. బురవాయ్‌లో ఇలాంటి వెలుగు తక్కువ. అతను వెళ్లిపోతానని తెలిసి వచ్చినవాడు. ఇల్లు, భార్య, ఒంటినొప్పులు, గాయాలు అతని పుస్తకంలో అంచులకు జరిగాయి. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన పనిచేసే చోట జాతి సమస్యను షాపు గేటు బయట ఉంచడం మీద విమర్శ వచ్చింది, అది న్యాయమైనదే. మన దగ్గర కార్ఖానా కథ రాసేవాడు కులాన్ని అలా గేటు బయట వదిలితే అదే తప్పు చేసినవాడవుతాడు. ఎవరు మెషీన్ మీద, ఎవరు చిప్స్ ఊడ్చే చోట అన్నది మన దేశంలో యాదృచ్ఛికం కాదు.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు ఇప్పుడు డీజిల్ ఇంజన్ విడిభాగాలు చేసే షెడ్డులో టర్నరు. కాంట్రాక్టు మీద. మంచి పేరున్న ఒక కార్మిక కథ ఇచ్చి చదవమన్నాను. చదివి తిరిగిస్తూ అన్నాడు: "మాస్టారూ, ఈయన లోపలికి రాలేదండీ. జాబ్ సెట్ చేసుకోడానికి గంట పడుతుంది, ఆ గంటకి కూలి రాదు. ఆ గంట లేకుండా మా కోపం ఎలా రాశారండీ?" ఇంతకన్నా మంచి విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఆ కుర్రాడి మాట బురవాయ్‌కి కూడా ఒక సవరణ. అలైడ్‌లోని అంగీకారం కనీస కూలి గ్యారంటీ మీద, పర్మినెంటు ఉద్యోగం మీద, యూనియన్ మీద నిలబడింది. కార్ఖానాను మూసి మరోచోటికి తరలిస్తామన్న బెదిరింపు వచ్చాక ఆ పునాది ఎలా కదులుతుందో 1985 గ్రంథంలో అతనే రాశాడు. మన కాంట్రాక్టు కార్మికుడికి ఆ పునాది మొదట్నించీ లేదు. ఒకే షాపులో, ఒకే మెషీన్ మీద, పర్మినెంటు మనిషి ఆట ఆడుతుంటాడు, కాంట్రాక్టు మనిషి ప్రాణం పెడుతుంటాడు. వాళ్లిద్దరి మధ్య టీ తాగేటప్పుడు జరిగే సంభాషణ, ఒకడు రెండోవాణ్ని పిలిచే పిలుపు, మెషీన్ అప్పగించేటప్పుడు ఒకడు చెప్పే కిటుకు, చెప్పకుండా దాచుకునే కిటుకు - ఇవి తెలుగులో ఇంకా రాయవలసిన కథలు.

బురవాయ్ 2025 ఫిబ్రవరిలో మరణించాడు. అతని సిద్ధాంతాన్ని మన రచయితలు యథాతథంగా తీసుకోనక్కర్లేదు. అతని పద్ధతిని తీసుకోవాలి. అందరూ వెళ్లి మెషీన్ ముందు నిలబడలేరు. నిలబడినవాళ్ల దగ్గర కూర్చుని వినగలరు: పని ఏ వరసలో జరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఆగినప్పుడు ఎవర్ని తిట్టుకుంటారు, లెక్కలో ఎన్ని ముక్కలు చూపి ఎన్ని దాచుకుంటారు. తిరగబడే కార్మికుణ్ని రాయడం మనకు వచ్చు. తలవంచినవాణ్ని జాలితో రాయడమూ వచ్చు. ఇష్టపడి, పందెం కట్టి, మెలకువతో, గర్వంతో పనిచేస్తూనే దోపిడీ అవుతున్న మనిషిని రాయడం ఇంకా నేర్చుకోవలసి ఉంది. వాణ్ని అర్థం చేసుకోని సాహిత్యం సమ్మె ఎందుకు వచ్చిందో చెప్పగలదేమో గాని, మిగతా మూడువందల రోజులూ సమ్మె ఎందుకు రాలేదో చెప్పలేదు.