రెండవ తెరమీద తడబడు బొమ్మ

ఆత్మకూరనగానే కొందఱు కర్నూలు వైపు ఊరనుకొందురు. నేను చెప్పునది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. ఇచ్చట ఒక కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పుచున్నాను. సమవేగమును గూర్చిన పాఠములో, నున్నని పట్టామీద సాగు చిన్న బండి వీడియోను ల్యాప్‌టాపునుండి ప్రొజెక్టరు ద్వారా తెరమీద చూపితిని. బండి ఒకే వేగముతో సాగవలెను. తెరమీద అది నాలుగంగుళములు నడచి, తడబడి, ఉలికిపడినట్లు ముందుకు దుమికినది. వెనుక బల్లనుండి ఒక విద్యార్థిని, "సార్, దీనికి త్వరణం ఉంది గదా సార్!" అన్నది. ఆమె తాను చూచినది చూచినట్లే చెప్పినది. శాస్త్రము నేర్పుటకు తెచ్చిన పరికరమే అబద్ధమాడినపుడు పిల్లలనేమని దిద్దగలము?

అంతకుముందు వారమే ఆ ల్యాప్‌టాపులోని ఆపరేటింగు సిస్టమును క్రొత్త కూర్పునకు మార్చియుంటిమి. విచిత్రమేమనగా, ల్యాప్‌టాపు సొంత తెరమీద అదే వీడియో నిక్షేపముగా ఆడుచుండెను. ప్రొజెక్టరు పాడైనదని ఒకరు, కేబులు మార్చుమని మఱియొకరు అనిరి. ఒక దుకాణదారు మంచి గ్రాఫిక్సు కార్డు గల క్రొత్త యంత్రము కొనవలెనని తేల్చిచెప్పెను. చిన్న ఊరి కళాశాలకు అది స్వల్పమైన ఖర్చు కాదు. కావున సొమ్ము తీయకముందే, ఇట్టి జబ్బునకు లోకములో ప్రచారమందున్న చికిత్సలలో ఏది రోగమును తీయునో, ఏది నొప్పిని మాత్రము కప్పిపుచ్చునో విచారింపవలసి వచ్చినది.

వీడియో యనగా వరుసగా వచ్చు నిశ్చల చిత్రములే. సినిమాకు సెకండునకు 24 ఫ్రేములు. మన దూరదర్శన్ అనుసరించిన పాల్ పద్ధతిలో 25. తెర మాత్రము ఈ లెక్కలతో నిమిత్తము లేక, తన వేళ చొప్పున, సాధారణముగా సెకండునకు 60 మారులు, బొమ్మను తిరిగి గీయుచుండును. బస్టాండులో ప్రయాణికులు వచ్చు వేళ వేఱు, బస్సు కదలు వేళ వేఱు అయినట్లే ఇదియును. సెకండునకు 30 ఫ్రేములైనచో ప్రతి ఫ్రేమునకు రెండేసి వంతులు చక్కగా సరిపోవును. 25 అయినచో ఒక్కొక్క దానికి 2.4 వంతులు రావలెను. 0.4 వంతు అనునది తెరకు తెలియదు. కావున 2, 2, 3, 2, 3 అని పంచిపెట్టును. ఒక ఫ్రేము 33 మిల్లీసెకండ్లు నిలిచి, మఱియొకటి 50 నిలుచును. 24 ఫ్రేముల సినిమాను 60 తెరమీద వేసినపుడు 2, 3, 2, 3 అని పంచుట అమెరికా టెలివిజనులో దశాబ్దములుగా జరిగిన పనియే. కన్ను దానిని చాలవఱకు క్షమించును.

మా బండి వీడియో 25 ఫ్రేములది. మన విద్యుత్తు 50 హెర్ట్జులది గనుక, ట్యూబులైట్ల మిణుకుమిణుకు వీడియోలో చారలుగా పడకుండుటకు కెమెరాను ఆ సంఖ్యకు పెట్టి తీసితిమి. అప్‌గ్రేడుకు పూర్వమును అది 60 తెరమీదనే ఆడినది, ఎవరును పట్టించుకొనలేదు. మఱి ఇప్పుడు కొత్తగా వచ్చినదేమి? అమరికలు తెఱచి చూచితిని. ల్యాప్‌టాపు సొంత తెర 144 హెర్ట్జులవఱకు పోగలది. ఎవరో దానిని 60కి తగ్గించియుంచిరి. అప్‌గ్రేడులో ఆ అమరిక చెరిగి, తెర తన 144కు తిరిగిపోయినది. ప్రొజెక్టరు 60లోనే నిలిచినది.

ఇక్కడనే అసలు విమర్శ ఆరంభమగును. నేటి ఆపరేటింగు సిస్టములలో ఏ ప్రోగ్రామును తిన్నగా తెరమీద గీయదు. అన్నియు తమ బొమ్మలను ఒక కూర్పు యంత్రాంగమున కిచ్చును. అది కలిపి తెరకు పంపును. విండోస్‌లో డెస్క్‌టాప్ విండో మేనేజరు అను ఈ భాగము 2007లో ప్రజలకు వచ్చిన విస్టాతో ప్రవేశించినది. 2012 నాటి విండోస్ 8 నుండి దానిని ఆపివేయు వీలు లేకపోయినది. చిరిగిన బొమ్మలు తెరమీద పడకుండుట దానివలని మేలు. కాని వేర్వేఱు వేగముల తెరలు రెండున్నపుడు అది చాలకాలము ఒకే గడియారమును నమ్ముకొని పనిచేసినది. నెల్లూరు బస్సు వేళకే ఉదయగిరి బస్సును కూడ కదలించినట్లన్నమాట. 2020 మే నెలలో విడుదలైన విండోస్ 10 కూర్పులో ఈ విషయము కొంత బాగుచేయబడినది. లోపమును సవరించుటకు పదమూడేండ్లకు పైగా పట్టుట నాకు మెచ్చుకొనదగినదిగా తోచదు. రెండు తెరలు వాడువారు అంత అరుదైనవారా?

ఇక చికిత్సలు. "హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపివేయుము" అనునది అన్నిటికంటె ప్రసిద్ధము. దానివలన వీడియోను విప్పు పని గ్రాఫిక్సు భాగమునుండి ప్రధాన ప్రాసెసరు మీదికి పోవును. తడబాటు తగ్గవచ్చును గాని యంత్రము వేడెక్కును, బ్యాటరీ త్వరగా తరుగును, పెద్ద వీడియోలకు క్రొత్త తడబాటు పుట్టవచ్చును. దీనిని పరీక్షగా వాడవచ్చును, మందుగా కాదు.

రెండవది "ఓవర్లే" తొలగించుట. 2013 నాటి విండోస్ 8.1 నుండి, వీడియోను మిగిలిన బొమ్మలతో కలుపక, ప్రత్యేకమైన పొరగా తిన్నగా తెరకు పంపు ఏర్పాటు కలదు. విద్యుత్తు ఆదా చేయుటకు ఇది మంచి ఉపాయము. కాని కొన్ని యంత్రములలో ఇదియే మిణుకునకు, కుదుపునకు కారణమగుటచే, ఎన్విడియా సంస్థ స్వయముగా దానిని ఆపు రిజిస్ట్రీ ఫైలును ప్రకటించినది. కారణము నిజముగా ఇదే అయినపుడు ఇది సరియైన మందే. అయితే ఆ మీట పేరులోనే "టెస్ట్" అను మాట ఉన్నది. వాడుకరి కొఱకు పెట్టిన అమరిక కాదది. తరువాతి అప్‌గ్రేడులోను పనిచేయునను హామీ లేదు.

డ్రైవరును తీసి మరల వేయుట మూడవది. అప్‌గ్రేడులో తయారీదారు డ్రైవరు పోయి సామాన్యమైనది వచ్చి చేరియుండినచో ఇది మొదట చేయవలసిన పనియే. మాకది చేసినను ఫలితము లేదు.

ఇవన్నియు చేయకముందు చూడవలసినది కుదుపు యొక్క లయ. ఎడతెగక తడబడుచున్నచో పంపకములో చిక్కు. ప్రతి 16, 17 సెకండ్లకు ఒకే ఒక్క కుదుపు వచ్చుచున్నచో, ఒకచోట 60, మఱియొకచోట 59.94 ఉన్నదని ఇంచుమించు తేల్చవచ్చును. రెంటి భేదము 0.06, అంతటి భేదమునకు ఒక ఫ్రేము తేడా వచ్చుటకు సుమారు 16.7 సెకండ్లు పట్టును. ఈ వంకర సంఖ్య 1953లో అమెరికా రంగుల టెలివిజనుకు ప్రమాణము నిర్ణయించినపుడు, రంగు సంకేతము ధ్వనితో ఘర్షణ పడకుండుటకు వేగమును వెయ్యింట ఒక వంతు తగ్గించిన ఫలితము. ఎవరో ఎక్కడో చేసిన సర్దుబాటు నేటికిని మన గోడమీద కుదుపుచున్నది. మఱియొక పరీక్ష: మొదటి తెరమీద కదలు బొమ్మ నొకదానిని పెట్టిచూడవలెను. రెండవదానిమీద తడబాటు హెచ్చినచో గడియారముల తగవే. మా యంత్రములో హెచ్చినది.

ల్యాప్‌టాపు తెరను 60కి దింపగానే పెద్ద కుదుపు పోయినది. అయినను 2, 2, 3 పంపకము మిగిలియున్నది. 144 తెరమీద ఆ హెచ్చుతగ్గు 7 మిల్లీసెకండ్లు మాత్రమే గనుక కన్ను పట్టలేదు. 60 మీద అది 17. ప్రొజెక్టరును 50కి మార్చిన ప్రతి ఫ్రేమునకు సరిగా రెండు వంతులు వచ్చును గాని, అప్పుడు రెండు తెరలకు మరల భేదము పడును. అందుచేత విండోస్ మీటతోపాటు "పి" నొక్కి "రెండవ తెర మాత్రమే" అనుదానిని ఎన్నుకొంటిని. ల్యాప్‌టాపు తెర ఆరిపోయినది; గడియారమొక్కటే మిగిలినది. ప్రొజెక్టరు 50ని అభ్యంతరము లేక స్వీకరించినది. ఖర్చు సున్న.

మరునాడు బండి నూనె రాచినట్లు సాగినది. ఆ విద్యార్థిని మాత్రము నా మాట నమ్మలేదు. వీడియోను ఫ్రేము ఫ్రేముగా ఆపించి, గోడమీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టి, స్కేలుతో కొలిచినది. దూరములు సమానముగా వచ్చినవి.